పిండి చేసిన చేను

ఈ వారం మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకటే వీడియో. రెండుసార్లు రోటవేటర్ వేసిన చేను. "చూడండి, గోధుమపిండే!" అని వెనక నుంచి ఒక గొంతు మురిసిపోతోంది. కింద పొగడ్తలే పొగడ్తలు. నాకు ఒళ్లు మండింది.

మట్టిలో బాక్టీరియాను నులిపురుగులూ ప్రోటోజోవాలూ తింటాయి. తిన్నాక ఒంటికి పట్టని నత్రజనిని వేరు పక్కనే వదులుతాయి. అదీ పైరుకు అందుతుంది. వాటిని తినేవి ఇంకొన్ని, చెత్తాచెదారం నమిలేవి మరికొన్ని, అన్నిటికన్నా పెద్దవి వానపాములు. మట్టిని చితక్కొడితే ముందు దెబ్బతినేవి ఆ పెద్ద ఒళ్లవీ, నెమ్మదిగా పిల్లలు పెట్టేవీ. శిలీంధ్రాల పోగులు తెగిపోతాయి. బాక్టీరియా మాత్రం త్వరగానే కోలుకుంటుంది. పైగా గాలి తగిలిన సేంద్రియ పదార్థం చప్పున కుళ్లి నత్రజని వదులుతుంది గనక కొన్నాళ్లు చేను కళకళలాడుతుంది కూడా.

చిన్నప్పుడు సెలవులొస్తే కాలవలో గాలం వేయడమే మా పని. ఎర్రల కోసం, అంటే ఆ వానపాముల కోసమే, పార పట్టుకుని పాక వెనక పెంటకుప్ప దగ్గరికి పరుగెత్తేవాళ్లం. అంచున తడిమట్టి ఒక్క పెళ్ల లేపితే చాలు, మెలికలు తిరుగుతూ గుప్పెడు. కొబ్బరిచిప్పలో వేసుకుంటుంటే తాత అరిచేవాడు: "అన్నీ తవ్వకండ్రా, పెంట మాగొద్దూ!" వేసవిలో ఆ పెంటంతా బండ్లకెత్తి మెరక చేలో కుప్పలు పోయించేవాడు. తొలకరికి ఆ చేలో ఎర్రలు పైకి తేలేవి.

ఇంతవరకూ రాశాక తట్టింది. తాత ఏటా ఆ చేను మూడు నాలుగు దుక్కులు దున్నించేవాడే! అయినా ఎర్రలుండేవి, పెంట పడేది గనక.

అసలు మా డెల్టాలో దున్నకుండా వేసే పంటలు కొత్తేం కాదు. కోతకు రెండు మూడు రోజుల ముందు వరిచేలోనే మినుములు చల్లడం మనవాళ్లకు ఎప్పటినుంచో అలవాటు. ఇప్పుడు వరి కోసిన మాగాణిలో మొక్కజొన్న గింజను అలాగే గుచ్చుతున్నారు. నాగలి తాకదు, నిజమే. మరి కలుపుమందు? యూరియా బస్తాలు? గడ్డికి పెట్టే నిప్పు? నేలను ఎంత పీడిస్తున్నామో దుక్కుల లెక్క ఒక్కటే చెప్పదు.

గేదెల్లేని ఇంట్లో పెంట ఎక్కడిదంటారా? జీలుగ చల్లండి. పూతకొచ్చే వేళకు దాన్ని నేలలో కలియదున్నడానికి రోటవేటరే తెస్తామంటే నేను అడ్డుపడను.