తీగలు లేని గ్రాండ్ పియానో

పియానో మీటను వ్రేలితో నొక్కగానే లోపలి సుత్తి లేచి తీగను కొట్టును. కాని తీగను తాకుటకు కొంచెము ముందే ఆ సుత్తి మీటతో సంబంధమును తెంచుకొని, విసరిన రాయివలె స్వేచ్ఛగా ఎగురును. 1700 ప్రాంతమున ఇటలీలోని ఫ్లోరెన్సు నగరములో బార్టొలొమియో క్రిస్టొఫోరి కల్పించిన ఈ ఏర్పాటే పియానోకు ప్రాణము. సుత్తి విడివడిన పిమ్మట దానిపై వాదకునికి అధికారము లేదు. నాదము బిగ్గరగా నుండునా, మెత్తగా నుండునా అనునది ముఖ్యముగా సుత్తి వేగమును బట్టియే తేలును. అట్లయినచో ఆ వేగమును కొలిచిన చాలును గదా, తీగలెందుకు?

హైబ్రిడ్ పియానోలు ఈ ప్రశ్ననుండి పుట్టినవే. 2009లో యమహా సంస్థ అవాంట్‌గ్రాండ్ ఎన్3ను, తరువాత కవాయి సంస్థ నోవస్ ఎన్‌వి10ను విడుదల చేసినవి. వీనిలో మీటలు, సుత్తులు గ్రాండ్ పియానోలోని వంటివే. తీగలు మాత్రము లేవు. కాంతి సహాయముతో పనిచేయు గ్రాహకములు కదలికను కొలువగా, దానికి తగినట్లు ముందే ముద్రించి యుంచిన నాదము స్పీకర్లనుండి వెలువడును. మామూలు డిజిటల్ పియానో కంటె వీని ధర ఎన్నో రెట్లు హెచ్చు. ఇవి గ్రాండ్ పియానోలకు సాటి యని ప్రకటనల సారాంశము.

వ్రేలి వరకు ఈ మాట చాలవరకు నిజము. మీట పూర్తిగా పైకి రాకముందే అదే స్వరమును మరల పలికించు సౌకర్యమును 1821లో సెబాస్టియన్ ఎరార్ కల్పించెను. మామూలు డిజిటల్ పియానోలో అనుకరణగా నున్న ఆ స్పర్శ ఇక్కడ అసలుదే.

చెవి సంగతి వేరు. గ్రాండ్ పియానోలో సుమారు 230 తీగలుండును. కుడి పెడలు త్రొక్కి ఒక స్వరమును పలికించినచో, దానితో పొత్తు గల తీగలన్నియు తామును కంపించును. ఆ కంపనము విశాలమైన చెక్కపలకనుండి గది నిండ వ్యాపించును. హైబ్రిడ్‌లో ఇది లెక్కలతో కల్పించిన పోలిక మాత్రమే. వెలువడునది కొన్ని స్పీకర్లనుండి.

మరియొక సంగతి. 2016లో వచ్చిన ఎన్3ఎక్స్‌లో చెప్పుకొనదగిన మార్పు నాదభాగమునందే. అనగా దశాబ్దములు మన్నగల చెక్క యంత్రమును, ఏడేండ్లకే పాతబడు ఎలక్ట్రానిక్ భాగమును కలిపి ఒకే ధరకు కొనుట యగును.

కావున ఇరుగుపొరుగు నిద్రపోవు వేళ హెడ్‌ఫోనుతో గంటలకొలది సాధన చేయు వాదకునికి ఈ ధర తగినదే. శ్రుతి చేయించు ఖర్చు కూడ లేదు. నాదమే ప్రధానమనుకొను వానికిగాని, అప్పుడే నేర్చుకొను బాలునికిగాని తగదు. ఈ వాద్యము అమ్మునది గ్రాండ్ పియానో స్పర్శను. ప్రకటన అమ్మునది గ్రాండ్ పియానోను. ఆ రెంటికి నడుమ నున్నవి ఆ 230 తీగలే.