కంప్యూటరు ఆటలో మృగపరివారము

బ్లిజార్డ్ సంస్థవారు 2001లో వెలువరించిన 'డయాబ్లో 2: లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్' అను కంప్యూటరు ఆటలో డ్రూయిడ్ అను పాత్ర కలదు. ప్రాచీన కెల్టు జాతుల పూజారులకు డ్రూయిడ్లని పేరు. నిప్పును గాలిని ప్రయోగించుట, మృగరూపము దాల్చుట, మృగములను తోడు పిలుచుట ఈ పాత్ర నేర్చు విద్యలు. వీనిలో మూడవది జీవశాస్త్ర విద్యార్థులు పరిశీలింపదగినది.

మాంత్రిక తోడేళ్ళను ఐదింటివరకు పిలువవచ్చును. డైర్ తోడేళ్ళు మూడింటికి మించవు. గ్రిజ్లీ ఎలుగుబంటి ఒక్కటే. ఈ అంకెలను చూడగనే 1927లో చార్లెస్ ఎల్టన్ వివరించిన సంఖ్యా పిరమిడ్ స్ఫురించును. కాని ఈ పోలిక పైపైదే. ఎల్టన్ చెప్పిన మెట్లు ఆహారమునకు సంబంధించినవి: గడ్డి మేయు జింకలు పెక్కు, వానిని తిను తోడేళ్ళు కొద్ది. ఆటలోని మెట్లు బలమునకు సంబంధించినవి. ఎలుగు తోడేళ్ళను తిని బ్రతుకునది కాదు గదా!

అసలు లోపము ఆకలి లేకపోవుటయే. డైర్ తోడేలు కళేబరములను తినును గాని, అది కాటు బలము పెంచుకొనుటకే. ఎలుగు పోరాడుటయే గాని తినుట యెరుగదు. నిజమైన గ్రిజ్లీ దుంపలు, పండ్లు, కీటకములు, చేపలు తినును. ఉత్తర అమెరికాలో కాకిజాతికి చెందిన రేవన్ పక్షులు తోడేళ్ళను వెంబడించి, అవి చంపిన మాంసములో పాలు పొందును. ఆటలో ఆ పక్షులును కలవు; తోడేళ్ళతో వానికి పొత్తు మాత్రము లేదు.

వినోదముగా ఈ కల్పన రక్తి కట్టినది. అయినను ఇందలి మృగములు ఆయుధములే గాని జీవులు కావు. "ఈ తోడేళ్ళు ఏమి తిని బ్రతుకును?" అని ఉపాధ్యాయుడు తరగతిలో అడిగినచో, ఆట ముగిసినచోట పాఠము ఆరంభమగును.