పువ్వు పుట్టగానే

ఏటేట సెప్టెంబరు మాసాంతమున, టొరంటో శివారునందలి ఒక మిత్రుని ఇంటి బేస్‌మెంటులో, పన్నెండుగురము సంసారులము, పకోడీల పళ్ళెముల నడుమ కాగితములు పరచుకొని, మేమెన్నడును ముఖాముఖి చూడని, మా ఉనికియే ఎరుగని పదునెనిమిదేండ్ల పిల్లవాండ్రను పేరుపేరున పంచుకొందుము. సంతలో కోడెదూడ పండ్లు పట్టిచూచి, సుడులు లెక్కించి, నాలుగడుగులు నడిపించి గాని బేరమాడని మా తాతగారు ఈ దృశ్యమును చూచియుండినచో, దూడను చూడకయే కొనెడు ఈ బేరగాండ్రెవరురా యని నవ్వియుందురు.

దీనిని ఫాంటసీ హాకీ యందురు. హాకీ యనగా ఇచ్చట మంచుమీది హాకీయే. క్రికెట్టులో ఇట్టిది మనవారికి క్రొత్తగాదు: నిజమైన ఆటగాండ్రతో ఊహాజట్టును కూర్చుకొనుట, వారు నిజముగా కొట్టిన గోల్సునుబట్టియు, అందించిన అసిస్టులనుబట్టియు మన గెలుపోటములు తేలుట. ఐతే క్రికెట్టు ఫాంటసీ తరచు ఒక్క ఆటతోనే ముగియును. మా లీగులో ఒకమారు తీసికొన్నవాడు, మనమై వదలునంతవరకు, ఏండ్లకేండ్లు మనవాడే. ఎన్.హెచ్.ఎల్. అను ఇచ్చటి పెద్ద లీగు మంచుమీద ఇంకను కాలిడని కుర్రవాండ్రను ప్రతివారును ఐదుగురిని మాత్రము అట్టిపెట్టుకొనవచ్చును. ఈ విద్యయందలి రుచియు, రోగమును ఆ ఐదు గళ్ళయందే కలవు.

పువ్వు పుట్టగానే పరిమళించునని మనవారు చెప్పుదురుగాని, ఈ తోటలో ఆ మాట నమ్మి చెడినవారే అధికము. ఎన్.హెచ్.ఎల్. జట్లు క్రొత్త కుర్రవాండ్రను వంతులవారీగా ఎన్నుకొను డ్రాఫ్టులో, 1993లో ఒట్టావా జట్టు అందరికంటె ముందుగా ఎన్నుకొన్న అలెగ్జాండర్ డేగ్ల్ పుట్టగానే పరిమళించినవాడే. ఆ పరిమళము నిలువలేదు, వాని వెనుక రెండవవాడుగా పోయిన క్రిస్ ప్రాంగర్ హాల్ ఆఫ్ ఫేమ్ చేరినాడు. 1999లో 209 మంది పేర్లు పిలువబడినమీదట డెట్రాయిట్ వారు పిలిచిన హెన్రిక్ జెటర్‌బర్గ్ కాలక్రమమున ఆ జట్టునకే నాయకుడైనాడు. చలిలో రింకుల వెంబడి తిరుగుటయే వృత్తిగాగల స్కౌట్ల గతి ఇట్లుండగా, కాఫీకప్పు చేతబట్టి అంకెలు చదువుకొను మాబోంట్ల మాట చెప్పవలెనా?

అంకెలలో నేను మొట్టమొదట చూచునది గోల్సు గాదు, పుట్టినతేదీ. ఆ యేటి సెప్టెంబరు 15 నాటికి పదునెనిమిది నిండినవాడే ఎన్.హెచ్.ఎల్. డ్రాఫ్టునకు అర్హుడు. 1997 సెప్టెంబరు 17న పుట్టిన ఆస్టన్ మాథ్యూస్, కేవలము రెండు దినముల తేడాచే ఒక సంవత్సరము వెనుకబడి, ఆ యేడు జూరిక్ జట్టులో పెద్దవారి నడుమ ఆడి, 2016లో మొదటివాడుగా మా టొరంటోకు వచ్చెను. ఒకే డ్రాఫ్టులో ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరి నడుమ ఇట్లు దాదాపు ఏడాది వ్యత్యాస ముండవచ్చును. ఆ వయస్సున ఏడాది యనగా ఎంత ఎముక, ఎంత కండ! అటుపిమ్మట, గోలు కొట్టినది ఎవరిమీద నని విచారింపవలెను. కెనడా జూనియర్ లీగులలో తన యీడువారిమీద నూరు పాయింట్లు సాధించినవానికంటె, స్వీడన్‌లో గడ్డముల నడుమ రాత్రికి పది నిమిషములు మాత్రమే ఆడి పది పాయింట్లు తెచ్చినవాడే నాకు ముద్దు. ఈ పక్షపాతమునకు నేను చాల మూల్యము చెల్లించితిని, ఐనను మానలేదు.

గోలు కాచు గోలీల సంగతి వేరు. వారు అంటు మామిళ్ళు గారు, టెంక నాటిన మామిళ్ళు. న్యూయార్క్ రేంజర్స్ వారు 2014లో 118వ వానిగా ఎన్నుకొన్న ఈగర్ షెస్టెర్కిన్ తొలి ఎన్.హెచ్.ఎల్. ఆట ఆడినది 2020 జనవరిలో; ఉత్తమ గోలీగా వెజినా ట్రోఫీ గొన్నది 2022లో. అంతకాలము ఒక గడి నెవడు బీడు పెట్టును?

నేను పెట్టలేకపోయితిని, గోలీ విషయమున గాదు, అంతకంటె సిగ్గుచేటు. 2015లో మిన్నెసోటా వారు 135వ వానిగా తీసికొన్న కిరిల్ కప్రిజోవ్‌ను ఆ శరత్కాలముననే నేను పట్టితిని. వాడు రష్యాలోనే ఉండిపోయెను. 2018 ఒలింపిక్ ఫైనలులో జర్మనీమీద ఓవర్‌టైమున వాడు గెలుపు గోలు కొట్టిన వేళ, ఇరుగుపొరుగులు లేచునట్లు కేకవేసితిని గాని, ఒలింపిక్ గోలునకు మా లీగులో పాయింట్లు లేవు గదా! నాలుగేండ్లు కాచి, ఇక వీడు రాడని తీర్మానించుకొని, 2019లో ఒక అమెరికా కుర్రవానికొరకు వానిని వదలితిని. ఆ కుర్రవాని పేరు ఇప్పుడు నాకే తడుముకొన్నగాని తట్టదు. 2021 జనవరిలో లాస్ ఏంజిలిస్ నగరమున కప్రిజోవ్ తన మొదటి ఆటనే ఓవర్‌టైము గోలుతో గెలిపించెను. ఆ యేటి ఉత్తమ నూతన క్రీడాకారునిగా కాల్డర్ ట్రోఫీ గూడ పొందెను. నా లెక్క తప్పలేదు, నా ఓపిక ఒక్కటే తప్పినది అని చాలకాలము చెప్పుకొంటిని. వాడు రాడని ఏ అంకె చెప్పినదో మాత్రము ఎవరును అడుగలేదు, నేనును అడిగికొనలేదు.

వచ్చు ఆదివారము మా డ్రాఫ్టు. నేను వదలిన మరునాడే కప్రిజోవ్‌ను తన గడిలో వేసికొన్న తెనాలి మిత్రుడు నిన్న రాత్రి ఫోను చేసెను. కుశలప్రశ్న లేదు, వాతావరణ ప్రసంగము లేదు.

"గురువుగారూ, ఈసారి ఎవర్ని వదిలేస్తున్నారు?"