వెల్లకిల త్రిప్పిన పీత

కోరంగి మడ అడవుల పాయలలో మండపీతలను పట్టు వృద్ధ జాలరి యొకరు, ఎర కట్టిన వలను పైకి లాగినంతనే, డెక్కలకు చేయి అందకుండ పీతను వెనుకనుండి పట్టి వెల్లకిల త్రిప్పి, త్రాటితో బంధించుటకు ముందు దాని పొట్టను ఒక్క క్షణము పరికించుట నేను పలుమారులు చూచితిని. ఆ చూపులో ఎంత శాస్త్రమున్నదో గ్రహించుటకు మాత్రము నాకు చాలకాలము పట్టినది.

పొట్టపై ముడుచుకొన్న పలక సన్నని త్రికోణమైనచో మగది. వెడల్పై, గుండ్రమై, నల్లబారినచో ఈడు వచ్చిన ఆడది. ఆ ఈడు కుబుసము విడుచుటతో వచ్చును. అందులకు కొన్ని దినములు ముందే మగపీత ఆమెను తన క్రింద అదిమిపట్టుకొని తిరుగును. పాత పెంకు వదలి ఆమె మెత్తని దేహముతో వెలువడినప్పుడే సంగమము. తోడి పీతలే పట్టి తినగల ఆ దుర్బల సమయమున, పెంకు గట్టిపడు వరకు, కావలి కాయువాడును అతడే. పొందిన బీజమును ఆమె నెలల తరబడి తనలో దాచుకొని, ఒకటికంటె ఎక్కువ కాన్పులకు వినియోగించును.

మండపీత రాత్రివేళ బురదను కాలి కొనలతో తడవి, నత్తలను, గుల్లలను, చిన్న పీతలను డెక్కతో పగులగొట్టి తినును; మెత్తగా నూరు పని కడుపులోని దంతములది. చురుకైన చేపను వెంటాడి పట్టజాలని ఈ జీవిని చేపముక్కతోనే వలలోనికి రప్పించుట నాకు వింతగా తోచెడిది. నీట వ్యాపించు వాసనయే దానికి దారి చూపునని పిదప తెలిసికొంటిని.

వెనుక పెంకునకును పొట్టపలకకును నడుమనున్న సందును నొక్కగా లోపల నారింజవన్నె కానవచ్చినచో ఆయన ముఖము వికసించును, గ్రుడ్డుపీతకు ధర హెచ్చు గనుక. నా ఆవేదనయు అచటనే. పొట్టక్రింద గ్రుడ్లు మోయు తల్లిని విడువవలెనని అందరును అందురు. కాని అట్టి తల్లి పాయలలో దొరకుట అరుదు, ఏలయన మండపీత గ్రుడ్లు పెట్టుటకు సముద్రమునకు పోవును. అచట లక్షల గ్రుడ్లను, అవి నారింజవన్నె వీడి నలుపు తిరుగు వరకు మోయును. గ్రుడ్లనుండి వెలువడిన పిల్లలు వారముల తరబడి అలలపై తేలియాడి, పలు రూపములు మారి, వేనవేలలో ఏ కొన్నియో మరల మడనీడకు చేరును. సందులో నారింజవన్నె కనబడిన పీత ఆ ప్రయాణమునకు సిద్ధమైనది.

ఈ మాటయే ఒకనాడు ఆయనతో అంటిని. "అది సంద్రానికి పోయేదని మాకు తెలవదా బాబూ? పట్నంలో మీరు అదే అడుగుతారు గదా" అనుచు, త్రాడు బిగించి, పీతను తడిగోనె క్రింద ఉంచెను. నాటినుండి నేను బజారున గ్రుడ్డుపీతను అడుగుట మానితిని.