పాత గీతమే పండగ పాట

వినాయక నిమజ్జనం అయిన మర్నాటికల్లా కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో దసరా కార్యక్రమాల జాబితా తిరగడం మొదలవుతుంది. దాండియా ఏ రోజు, బతుకమ్మ ఏ రోజు, పిల్లల సంగీతం ఏ రోజు అని. విజయదశమికి అప్పటికి మిగిలేది పాతిక రోజులు. సంగీతం టీచరుకు ఆ వారంలోనే తల్లిదండ్రుల నుంచి ఒకటే కోరిక: “ఈసారి మా పాపకి మంచి కృతి ఏదైనా నేర్పండి మేడమ్, స్టేజి మీద పాడేలాగా.” సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు దాటి ఇప్పుడిప్పుడే గీతాల్లోకి వచ్చిన ఎనిమిదేళ్ల పాపకు ఇంత తక్కువ వ్యవధిలో కృతి ఎక్కించడం సాధ్యం కాకపోదు. ఫోనులో రికార్డు పెట్టి పదేపదే వినిపిస్తే పిల్లలు ఏదైనా పట్టేస్తారు. కాని అలా పట్టిన పాటలో ఒక్క మాట జారితే మళ్లీ ఎక్కడ అందుకోవాలో ఆ పాపకు తెలియదు. ఆ మాట కింద ఏ స్వరం ఉందో, తాళంలో తాను ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు కనుక.

పండగ వేదికకు పిల్లల్ని సిద్ధం చేయడమంటే కొత్త పాట నేర్పడం కాదని, వచ్చిన పాటను నిలబెట్టడమని నా గట్టి నమ్మకం. మైకు ముందు కూర్చున్న పిల్లకు నోటికి వచ్చేది మొన్న నేర్చుకున్నది కాదు, రోజూ పాడుతున్నది. మన సంగీతంలో ఆ రోజూ పాడే పాటలకు లోటు లేదు. పురందరదాసు పేరుతో వచ్చిన మలహరి రాగ పిళ్లారి గీతాలు నాలుగున్నాయి. రూపక తాళంలో అమ్మవారి మీద ‘వరవీణా’ అనే మోహన గీతం ఉంది. బిలహరిలో స్వరజతి ఉంది. వీటిని ‘బిగినర్స్ పాటలు’ అని పక్కన పెట్టడం అన్యాయం. నిండుగా, శ్రుతిలో, ఒకే నడకలో పదిమంది పిల్లలు మలహరి గీతం పాడితే ఆ పది గొంతులూ ఒక గొంతైన క్షణం హాల్లో ఎవరికైనా తెలుస్తుంది.

ఆ మలహరినే కొంచెం దగ్గరగా చూద్దాం. పిల్లలు సరళీస్వరాలు నేర్చుకునేది మాయామాళవగౌళలో. మలహరి దాని జన్యమే. ఆరోహణలో గాంధారం లేదు, అవరోహణలో ఉంది. నిషాదం రెండింటిలోనూ లేదు. నెలల తరబడి సరిగమ అని ఏడు స్వరాలూ పాడిన గొంతుకు పైకి వెళ్లేటప్పుడు రిషభం నుంచి మధ్యమానికి గెంతడం అలవాటు ఉండదు. మధ్యలో గాంధారం తెలియకుండానే దొర్లుతుంది. ఒక్క పాప పాడితే ఆ తప్పు చిన్నదే. పదిమంది పాడేటప్పుడు నలుగురికి దొర్లితే రాగం మసకబారుతుంది. అందుకే మంచి టీచర్లు సాహిత్యం పక్కన పెట్టించి మొదటి వారమంతా స్వరమే పాడిస్తారు. ఆ తర్వాత అకారం. సాహిత్యం ఆఖర్న. పిల్లలకు విసుగొస్తుందన్న మాట నిజమే కాని, పాటను ఇటుక ఇటుకగా చూసిన పిల్ల వేదిక మీద తడబడదు.

తాళానికి ఒక సాధన ఉంది. చూడ్డానికి ఆటలా ఉంటుంది. రూపకానికి ఆరు అక్షరాలు: ఒక దెబ్బ, చెయ్యి తిప్పి ఒక విసురు, మళ్లీ దెబ్బ, ఆపైన చిటికెనవేలి నుంచి మూడు వేళ్లు. టీచరు ఒక ఆవర్తనం పైకి పాడిస్తుంది. రెండో ఆవర్తనం నోరు మూసుకుని చేత్తో తాళం మాత్రమే. పాట లోపల నడవాలి. మూడో ఆవర్తనానికి అందరూ ఒకేసారి గొంతెత్తాలి. తొలిరోజు కొందరు ముందే దూకేస్తారు, కొందరు పక్కవాళ్ల నోరు చూసి అందుకుంటారు. నాలుగైదు క్లాసులు పోయాక అందరి పాటా ఒక్క చోట తెరుచుకుంటుంది. తాళం చేతిలో కాదు, మనసులో ఉండాలన్న సంగతిని ఇంత తేలిగ్గా పిల్లలకు తెలియజెప్పే పద్ధతి నాకు మరొకటి కనిపించలేదు. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. ఉత్సాహంలో పిల్లల పాట వేదిక మీద పరుగెత్తుతుంది. కాలప్రమాణాన్ని లోపల మోసే అలవాటున్న పిల్లలు ఆ పరుగును తామే పట్టి ఆపుకుంటారు.

శ్రుతి విషయంలో పెద్దల సౌకర్యం చూడకూడదు. టీచరుగారిది నాలుగున్నర శ్రుతి కావచ్చు. పిల్లలకు ఐదు, ఐదున్నర హాయిగా ఉంటుంది. తమ స్థాయి కాని శ్రుతిలో నెల్లాళ్లు సాధన చేసిన పిల్లలు పై షడ్జం దగ్గర అరవడమో, కింద స్వరాలు మింగేయడమో నేర్చుకుంటారు. పన్నెండు, పదమూడేళ్ల మగపిల్లల గొంతు మారే వయసు మరీ సున్నితం. ఆ సమయంలో వాణ్ణి బలవంతంగా పై శ్రుతిలో పాడించడం కంటే తాళం బాధ్యత అప్పజెప్పడం మంచిది. మృదంగమో కంజీరానో మొదలుపెట్టించడం ఇంకా మంచిది. ఆ ఏడాది వేదిక మీద చోటు దొరకని పిల్లవాడు సంగీతం మానేస్తాడు, మళ్లీ రాడు.

ఐటీ కారిడార్‌లో టీచర్లకు మరో పని కూడా ఉంది. ఒక్కో బ్యాచ్‌లో తమిళం, కన్నడం, మరాఠీ, హిందీ మాట్లాడే ఇళ్ల పిల్లలుంటారు. తెలుగిళ్ల పిల్లల్లోనూ తెలుగు చదవలేనివాళ్లు బోలెడంతమంది. అందరి పుస్తకాల్లోనూ సాహిత్యం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాల్లో కల, కళ, కాల మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. హ్రస్వం దీర్ఘమైతే అర్థం పోవడం ఒక్కటే కాదు, తాళం కూడా తప్పుతుంది. సాహిత్యం రాసినవాడు ఆ దీర్ఘానికే రెండక్షరాల కాలం ఇచ్చి ఉంటాడు మరి. కొందరు టీచర్లు దసరా పాటల వరకైనా పిల్లల చేత తెలుగులోనే రాయిస్తారు, ఒక్కో పాదానికి అర్థం చెప్పి మాటను ఎక్కడ విరవాలో పెన్సిల్‌తో గీత పెట్టిస్తారు. దీనికి రెండు క్లాసులు పోతాయి. పోనివ్వండి.

కోవిడ్ నుంచి స్థిరపడిన ఆన్‌లైన్ క్లాసులు ఒక పెద్ద లోటు మిగిల్చాయి. ఇంటర్నెట్‌లో గొంతు అవతలికి చేరడానికి కొంత ఆలస్యం అవుతుంది. ఇద్దరు కలిసి పాడితే రెండు పాటలవుతాయి. అందుకని అందరూ మ్యూట్‌లో ఉంటారు, ఒకరి తర్వాత ఒకరు పాడతారు. రెండేళ్లు నేర్చుకున్నా పక్కవాళ్ల గొంతుతో తన గొంతు కలపని పిల్లలున్నారు. వాళ్లను దసరాకు ఒక చోట కూర్చోబెట్టినప్పుడు ప్రతి ఒక్కరూ ఒంటరిగా పాడినట్టే పాడతారు. కాబట్టి ఆఖరి రెండు వారాలైనా రిహార్సల్ ఒక గదిలో జరగాలి. క్లబ్‌హౌస్ దొరక్కపోతే ఎవరింటి హాలైనా సరే. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో సాయంత్రం అందర్నీ చేర్చడం కష్టమే. ఆదివారం పొద్దున పెట్టుకోవచ్చు.

ఇక వేదిక భయం. దీనికి మన పండగలోనే మందుంది. బొమ్మల కొలువు పేరంటాల్లో పిల్లను తల్లి పక్కన కూర్చోబెట్టి “ఏదీ, ఓ పాట పాడు తల్లీ” అని ఇల్లాలు అడుగుతుంది. వినేవాళ్లు ఆరేడుగురు. మైకు లేదు, కెమెరా లేదు. పాట తప్పినా ఎవరూ పట్టించుకోరు. పాడగానే చేతిలో శనగల పొట్లం పడుతుంది. నవరాత్రుల్లో రోజుకో ఇల్లు తిరిగిన పిల్ల పండగ వేదిక ఎక్కేసరికి అదే పాటను ఎన్నో గడపల్లో, ఎన్నో రకాల మనుషుల ముందు పాడేసి ఉంటుంది. ఏ వర్క్‌షాపూ ఇంత బాగా ధైర్యం నేర్పదు. ఐదారు బ్లాకుల గేటెడ్ కమ్యూనిటీలో లిఫ్టులో తిరిగి ఒక్క సాయంత్రమే నాలుగు కొలువులు చూడొచ్చు. ఆ కొలువుల్లో పిల్లల చేత పాడించడం తగ్గిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. పోటీల్లో పాడించడానికి చూపే శ్రద్ధలో సగం పేరంటాల మీద పెడితే చాలు.

బతుకమ్మ దగ్గర కూడా పిల్లల్ని నిలబెట్టాలి. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. ఒకామె పాట అందిస్తుంది, వలయంలో తిరిగే అందరూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. చప్పట్లే తాళం. అడుగు, చప్పట, అందుకోవడం మూడూ ఒక్కసారే జరగాలి. పక్కమనిషిని వింటూ పాడటం, కాలు తప్పితే మళ్లీ కలవడం, ఎవరూ చెప్పకుండానే వచ్చేస్తాయి. 2014లో తెలంగాణ రాష్ట్ర పండగగా ప్రకటించాక బతుకమ్మ ఈ కాలనీల్లో అన్ని భాషలవాళ్లదీ అయింది. సంగీతం నేర్చుకునే పిల్ల దాన్ని ‘ఫోక్’ అని దూరం పెట్టకుండా చూడవలసింది టీచర్లే.

ఈ ప్రాంతానికి సంగీతం కొత్తేమీ కాదు. వెనకటి హైదరాబాదులో పిల్లల సంగీతమంటే రామ్‌కోఠిలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ గుర్తుకొచ్చేవి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక నగరం పడమటికి జరిగింది. దాని దగ్గర్లోనే శిల్పారామం యాంఫీ థియేటర్లో వారాంతాల్లో చిన్నపిల్లల నాట్యం, గానం జరుగుతాయి. మాదాపూర్‌లోనే అన్నమయ్యపురం ఉంది. 1983లో అన్నమాచార్య భావనా వాహిని స్థాపించిన శోభారాజుగారు అన్నమయ్య పాటకు అక్కడ ఒక గూడు కట్టారు. ఆమెకు 2010లో పద్మశ్రీ వచ్చింది. గచ్చిబౌలి నుంచి కాస్త దూరం వెళితే గోల్కొండ కోట, రామదాసు బందీగా ఉన్న చెర. ఆనందభైరవిలో ‘పలుకే బంగారమాయెనా’ నేర్చుకుంటున్న పిల్లల్ని ఒక ఆదివారం ఆ చెర ముందు నిలబెట్టి చూపిస్తే ఆ పాట ఎవరి గుండెలోంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు.

పెద్ద గుంపుగా కలిసి పాడే గోష్ఠిగానం యుగాల నాటిదనుకుంటాం. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర పంచరత్నాలను అందరూ కలిసి పాడే ఆనవాయితీ 1940ల మొదట్లో వచ్చింది. అంతకుముందు వేర్వేరు వర్గాలు వేర్వేరుగా ఆరాధన చేసేవి. స్త్రీలకు అక్కడ పాడే అవకాశమే లేకపోతే బెంగుళూరు నాగరత్నమ్మ తానుగా ఆరాధన నడిపింది. ఆ వర్గాలు ఒక్కటైన తర్వాతే ఈ గోష్ఠి స్థిరపడింది. ఐదు కృతులూ ఆది తాళంలోనే ఉండటం కలిసి పాడటానికి కలిసొచ్చింది. ఇవాళ అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ ఆరాధన, 1978 నుంచి, అక్కడి ఈస్టర్ సెలవుల వేళకు జరుగుతుంది. పిల్లలు, పెద్దలు ఒక్క చోట కూర్చుని తెలుగు పాడతారు. 2009 మే 10న సిలికానాంధ్ర పూనికతో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్షమందికి పైగా అన్నమయ్య సంకీర్తనలు ఒక్క గొంతుతో పాడారు. అంత జనంలో ఎవరి గొంతు బాగుందో ఎవరూ అడగరు. పిల్లలకు గోష్ఠి నేర్పే మొదటి పాఠం అదే. తన గొంతును పైకి వినిపించడం కంటే పక్కగొంతులో కలపడం కష్టమైన విద్య, ముందు నేర్చుకోవలసిన విద్య.

వేదిక సంగతులు కొన్ని చెప్పుకోవాలి, చాలా కార్యక్రమాలు ఇక్కడే చెడతాయి. శ్రుతిపెట్టె స్పీకర్లో హాలంతటికీ వినిపించి పిల్లల చెవికి వినిపించకపోతే లాభం లేదు. మానిటర్ ఒకటి వాళ్ల వైపు తిప్పాలి. ఇద్దరికో మైకు చాలు. మనిషికో మైకు ఇస్తే గొంతు గొంతూ వేరుపడుతుంది. తాళం గట్టిగా ఉన్న పిల్లల్ని మధ్యలో, కొత్తవాళ్లను వాళ్ల పక్కనే కూర్చోబెట్టాలి. టీచరు ఎదురుగా నేల మీద కూర్చుని పిల్లలకు కనిపించేట్టు తాళం వేయాలి. పాడే ముందు ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింకులు వద్దు, కడుపు నిండా భోజనమూ వద్దు. కరవోకే ట్రాక్ అసలే వద్దు. ఆ యంత్రం పిల్లల కోసం ఆగదు, పిల్లలే దాని వెంట పరుగెత్తాలి. కార్యక్రమం ఇరవై నిమిషాలు దాటకూడదు.

మూలా నక్షత్రం రోజున పుస్తకాలూ వాయిద్యాలూ సరస్వతీ పూజలో పెట్టే ఇళ్లలో విజయదశమి దాకా సాధన ఉండదు. కార్యక్రమం తేదీ వేసేటప్పుడు ఆ సంగతి చూసుకోవాలి. విజయదశమి పొద్దున కొత్త పాఠం మొదలుపెట్టడం ఆనవాయితీ. అడిగిన కృతి నేర్పడానికి అదే సరైన రోజు. అక్కడి నుంచి పుష్య బహుళ పంచమి, అంటే త్యాగరాజ ఆరాధన, సుమారు మూడు నెలల పది రోజులు. గీతాలు, స్వరజతి గట్టిపడిన పిల్లలకు ఒక దివ్యనామ కీర్తన హాయిగా వచ్చేస్తుంది. వర్ణాలు దాటిన పెద్దపిల్లలు పంచరత్నాల్లో ఒకదాన్ని పట్టుకోవచ్చు. మిగతావాళ్లను ఆరాధన రోజు గోష్ఠిలో వెనక వరుసన కూర్చోబెట్టి, ఐదు కృతులకూ నోరు విప్పకుండా ఆది తాళం వేయించండి. ముప్పావు గంట పైగా తాళం వదలకుండా కూర్చున్న పిల్లకు వచ్చే ఏడాది ఆ పాటలు సగం వచ్చేసినట్టే.