మైల ఎవరిది? సోయరాబాయి సంతకం గురించి

సోయరాబాయి అభంగాలు కొన్నింటిని తెలుగులోకి తెచ్చే పనిలో ఉన్నప్పుడు మాకూ మా మిత్రుడికీ ఒక్క మాట దగ్గర తగాదా వచ్చింది. అభంగం చివర ఆమె పెట్టుకునే ముద్ర 'చోఖియాచీ మహారీ'. చోఖా తాలూకు మహారు ఆడది అని దానర్థం. మేము 'చోఖా మహారీ' అనే రాశాం. ప్రతి చూసిన మిత్రుడు దాన్ని కొట్టేసి 'చోఖా ఇల్లాలు' అని దిద్దాడు. భక్తిలో కులం పేరేమిటి, చెవికి ఎబ్బెట్టుగా ఉంది అన్నాడు. మంచి మనిషే. స్త్రీల సాహిత్యం మీద ఇష్టమున్నవాడే. కానీ ఆ ఒక్క కొట్టివేతతో ఒక మహారు స్త్రీ తన కవితకు తాను పెట్టుకున్న సంతకం పోయింది. దాని జాగాలో ఎవరో గృహలక్ష్మి వచ్చి కూర్చుంది. ఈ వ్యాసం ఆ కొట్టివేత గురించి.

సోయరాబాయి 14వ శతాబ్దపు మనిషి. మహారాష్ట్రలో పంఢరపూర్ దగ్గరి మంగళవేఢా వాళ్ల ఊరు. భర్త చోఖామేళా, ఆడబిడ్డ నిర్మల, నిర్మల భర్త బంకా, కొడుకు కర్మమేళా - ఇంటిల్లిపాదీ విఠోబా మీద అభంగాలు కట్టినవాళ్లే. ఊరి వెట్టి, కావలి, హద్దులు చూపడం, చచ్చిన పశువుల్ని ఈడ్చెయ్యడం మహార్ల వంతు. మన దగ్గర కొన్ని మాలలకూ కొన్ని మాదిగలకూ పడ్డ పనులు ఇవి. 1338లో మంగళవేఢాలో గోడ కట్టే పనికి పోయిన చోఖామేళా ఆ గోడ కూలి చనిపోయాడని చెప్తారు. ఆయన సమాధి పంఢరపూర్ గుడి మహాద్వారం బయట, మెట్ల దగ్గర ఉంటుంది. అంటరానివాళ్లకు ఆ గుడి తలుపులు తెరుచుకున్నది 1947లో, సానే గురూజీ నిరాహారదీక్ష తర్వాత. సమాధి బయట పెట్టిన ఆరు వందల ఏళ్లకు!

చోఖామేళా పేరు మీద దాదాపు 350 అభంగాలు దొరుకుతాయి. సోయరావి వందలోపే. అవి కూడా మొగుడి గాథ వెంబడి తోకలాగా అచ్చవుతూ వచ్చినవే. ఆమె గురించి కథలు లేవా అంటే ఉన్నాయి. మహీపతి 1762లో పూర్తిచేసిన 'భక్తవిజయం' వల్ల భక్తుల కథలన్నీ జనంలోకి పోయాయి. వాటిలో ఒకటి ఇది. విఠోబా చోఖా ఇంటికి భోజనానికి వస్తాడు. వడ్డిస్తుంటే సోయరా చేతిలోని పెరుగు దేవుడి పీతాంబరం మీద ఒలుకుతుంది. అది చూసి చోఖా అన్న మాట దారిన పోతున్న బ్రాహ్మడి చెవిన పడి, ఆయన చోఖా చెంప పగలగొడతాడు. గుళ్లో చూస్తే దేవుడి చెంప వాచి ఉంటుంది. కథలో చోఖాకు దెబ్బ మిగిలింది, దేవుడికి మహిమ మిగిలింది, బ్రాహ్మడికి పశ్చాత్తాపం మిగిలింది. సోయరాకు మాత్రం పెరుగు ఒలకబోసిన చెయ్యి మిగిలింది. అదే చెయ్యి అభంగాలు కట్టిందని ఆ కథ విన్నవాడికి ఎట్లా తెలుస్తుంది?

ఇంక ఆమె అభంగాల్లో మాకు అన్నిటికంటే ముఖ్యమైనదాని సంగతికి వస్తాం. అది విటాళ్ గురించి. మరాఠీలో విటాళ్ అంటే మైల. అంటరానివాడి వల్ల కలిగే మైలకూ, నెలసరికీ, పురిటికీ అన్నిటికీ అదే మాట. సోయరా వాదం చాలా సూటిగా ఉంటుంది. దేహానికి మైల అంటున్నారు, ఆత్మ శుద్ధమైనదంటున్నారు. సరే, ఒప్పుకుందాం. దేహపు మైల దేహంలోనే పుట్టింది గదా. మరి మడి కట్టుకున్నవాడు ఏ ధర్మం ప్రకారం మడి అయ్యాడు? మైల లేని చోట పుట్టిన దేహం ఈ లోకంలో ఒక్కటన్నా ఉందా? ఇదీ ఆమె అడిగింది. దేవుణ్ని తలుచుకుని, చివర్న సంతకం పెట్టింది: చోఖా మహారీ.

ఆ సంతకం ఆ చోట ఎందుకుందో చూడాలి. మైల గురించి వాదించిన కవితకు కింద మైల కులం పేరు రాసిపెట్టింది. ప్రశ్న ఎవరు అడుగుతున్నారో దాచకుండా అడిగింది. 'ఇల్లాలు' అని దిద్దితే ఆ ప్రశ్న ఎవరో వేదాంతం తెలిసిన గృహిణి తీరిక వేళ అడిగినట్టు అయిపోతుంది. ఇల్లాలికి ఊళ్లో ఇల్లుంటుంది. మహారీ ఉండేది ఊరి బయట.

చోఖామేళా కూడా మైల గురించి అడిగాడు. పుట్టుకలో మైల, చావులో మైల, శుద్ధమైనవాడెవడు అని ఆయనకూ అభంగాలున్నాయి. కాదనం. అయితే ఆయన పంచభూతాల మీదుగా పోయిన చోట ఆమె పురిటి మీదుగా పోయింది. ఉత్పత్తి స్థానం అన్నప్పుడు ఆమె మాట్లాడుతున్నది గర్భం గురించి, నెత్తురు గురించి. ఆ నెత్తురులోంచే బ్రాహ్మడూ వచ్చాడు, మహారూ వచ్చాడు. అంటరానితనాన్నీ ముట్టునూ ఒకే తాడుకు కట్టి లాగిన ప్రశ్న ఇది. మొగుడి అభంగాలకు ప్రతిధ్వని అని తోసేసేవాళ్లు ఈ తేడాను చూడటం లేదు.

తెలుగులో ఈ సంగతి మన మాటల్లోనే ఉంది. 'అంటు' అంటే తాకడం, 'అంటు' అంటే మైల. 'ముట్టు' అంటే తాకడం, 'ముట్టు' అంటే నెలసరి. అంటరానివాళ్లం మనం, ముట్టయితే ముట్టరానిది ఆడది. పై కులాల ఆడవాళ్లు మూడు రోజులు 'బయట' ఉంటారు. వాళ్ల మూడు రోజుల బయటకూ మా వాడ ఏడాది పొడుగు బయటకూ మాట ఒక్కటే, మనుషులు వేరు. మా అమ్మ దొరల పొలాల్లో నాట్లేసిన మనిషి. నాట్ల కాలంలో ముట్టు ఎట్లా అని ఒకసారి అడిగాం. "నాట్లప్పుడు ఎవడడుగుతడు బిడ్డా ముట్టేందో మైలేందో. నడుములు వంగితె సాలు. కల్లంల రాశి పోసినంక మాత్రం దూరం జరుగమంటరు" అన్నది. బురదలో నారు పెట్టే చేతికి మైల లేదు, ఆ చెయ్యే వడ్లరాశి మీద పడితే మైల. మైల దేహంలో ఉంటే నాట్ల రోజు ఎక్కడికి పోయింది? సోయరా అభంగం మాకు అర్థమైంది మరాఠీ నిఘంటువులో కాదు, అమ్మ ఈ మాట అన్నప్పుడు.

బ్రాహ్మణీయ సాహిత్య విమర్శ ఈ అభంగంలో మొదటి ముక్కను మాత్రం తీసుకుంటుంది. ఆత్మ నిర్మలం, అందరూ సమానం, భక్తికి కులం లేదు. కిశోరీ అమోణ్కర్ పాడిన సోయరాబాయి అభంగం ఒకటి కచేరీల్లో చాలా పేరు పొందింది. గొప్ప గొంతు, గొప్ప పాట, అందులో సందేహం లేదు. అన్ని రంగులూ ఒక్క దేవుడి రంగులో కలిసిపోయే ఆ అభంగం చివర కూడా సంతకం మహారీయే. నేనూ నువ్వూ అనే తేడా పోయిందని చెప్పిన నోటితోనే తన కులం పేరు చెప్పుకుని ముగించింది. తేడా నిజంగా పోతే సంతకంలో కులం ఎందుకు మిగిలింది? పాట విని కళ్లు తుడుచుకునేవాళ్లు ఈ ప్రశ్న దాకా వచ్చినట్టు మేం చూడలేదు.

స్త్రీవాద విమర్శతో మా పేచీ వేరే. వాళ్లు భక్త కవయిత్రులను వెతికి బయటికి తెచ్చారు, దానికి మనమంతా రుణపడి ఉన్నాం. కానీ వాళ్లకు నచ్చిన నమూనా ఒకటే: ఇల్లు వదిలిన స్త్రీ. అక్క మహాదేవి భర్తనూ బట్టలనూ వదిలింది, మీరా రాజమందిరం వదిలింది. మన తరిగొండ వెంగమాంబ వితంతువై కూడా తల గొరిగించుకోనని ఎదురు తిరిగింది. జనాబాయి కొంగు భుజాల మీదికి జారినా బజారులో నడుస్తానంది. ఇవన్నీ తిరుగుబాట్లే. కాకపోతే ఇల్లు జైలు కావాలంటే ముందు ఇల్లనేది ఒకటి ఉండాలి. పరువు వదలాలంటే ముందు పరువనేది ఊరు ఇచ్చి ఉండాలి. కొంగు ఉందా జారిందా అని మహారు ఆడదాన్ని ఎవరడిగారు? సోయరా ఇల్లు వదల్లేదు, మొగుణ్ని వదల్లేదు, బిడ్డ కావాలని దేవుణ్ని వేడుకుంది. కాబట్టి ఆమె ఆ నమూనాలో ఇమడదు. 'సాధ్వి' అని పక్కన పెట్టేశారు. దళిత స్త్రీలు వేరుగా మాట్లాడుతున్నారని 1995లో గోపాల్ గురు వ్యాసం రాస్తే పెద్ద చర్చ నడిచింది. ఆ వేరు మాట 14వ శతాబ్దంలోనే ఉంది.

జనాబాయిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. నామదేవుడి ఇంట్లో పనిమనిషి ఆమె. విసరడం, ఊడ్వడం, పిడకలు చేయడం అన్నీ కవిత్వంలోకి తెచ్చి, విఠోబా చేత తిరగలి తిప్పించింది, తలలో పేలు చూపించుకుంది. దేవుణ్ని ఇంతగా పనిలో పెట్టిన కవి ఇంకొకరు లేరు. ఆమె సంతకం 'నామదేవుడి దాసి'. అది చాకిరీ సంతకం. సోయరాది కులం సంతకం. రెంటిలోనూ ముందు మగవాడి పేరుంది, అదీ దాచం. 'చోఖా మహారీ' అనడంలో స్వేచ్ఛ మొత్తం ఉందని మేం అనడం లేదు. తన పేరుతో నిలబడే చోటు ఆమెకు దక్కలేదు. దక్కిన చోట ఆమె ఏం రాసుకుందో దాన్ని కొట్టెయ్యొద్దంటున్నాం.

దళిత ఉద్యమం కూడా ఆమెను సగమే విన్నది. చోఖామేళా అభంగాల్లో కొన్ని, పూర్వజన్మ పాపం వల్ల మహారుగా పుట్టానని ఒప్పుకుంటాయి. అందుకే అంబేడ్కర్ తరం ఆయన్ని అనుమానంగా చూసింది. అది న్యాయమే. అయినా అంబేడ్కర్ 1948లో వచ్చిన తన 'అంటరానివారు' గ్రంథాన్ని నందనార్, రవిదాస్, చోఖామేళాల స్మృతికి అంకితమిచ్చాడు. ముగ్గురూ మగవాళ్లే. రమాబాయి పంఢరపూర్ పోవాలని అడిగితే, మనల్ని లోపలికి రానివ్వని పంఢరపూర్ ఎందుకు, మనమే ఇంకో పంఢరపూర్ తయారుచేద్దాం అన్నాడని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. రమాబాయి 1935 మేలో చనిపోయింది. అదే ఏడు అక్టోబరులో యేవలాలో హిందువుగా చావనని ఆయన ప్రకటించాడు. అంబేడ్కర్ జవాబు సరైనదే, చరిత్ర దాన్ని రుజువు చేసింది. అయితే గుడి బయట నిలబడే ఆ ప్రయాణంలో రమాబాయికి ఏం కనిపించి ఉంటుందో ఎవరూ అడగలేదు. విశ్వాసాన్ని బానిసత్వం అనేస్తే పని తొందరగా అయిపోతుంది. మన తల్లులు మాత్రం అర్థం కాకుండా పోతారు.

తెలుగు పాత సాహిత్యంలో సోయరా లాంటి దళిత స్త్రీ పేరు లేదు. మొల్ల కుమ్మరి కులస్తురాలు. మనకు ఉన్నది మాతంగి. పూనకంలో మాదిగ స్త్రీ రెడ్లనూ కోమట్లనూ బ్రాహ్మల్నీ తిట్టి, వాళ్ల గర్వం అణిచానని పాడుతూ మీద ఉమ్మేది, ఆ ఉమ్ము తమను శుద్ధి చేస్తుందని వాళ్లు నమ్మేవాళ్లు. మాదిగల మీద ఎమ్మా క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలోనూ, 1909 నాటి థర్‌స్టన్ సంపుటాల్లోనూ ఈ వర్ణనలున్నాయి. ఏడాదంతా మైల అయిన నోరు ఒక్క రోజు మడి. దీన్ని చూసి మురిసిపోలేం. అదే దేవత పేరు మీద మా ఆడపిల్లల్ని జోగినులుగా ఊరికి అప్పజెప్పారు, దాన్ని ఆపడానికి 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. అయినా ఆ తిట్టూ ఆ పాటా ఒక వాదమే. సాహిత్య చరిత్రకారులు దాన్ని జాతర గొడవ అని వదిలేశారు.

ఇక్కడ బేబీ కాంబ్లేను తలుచుకోవాలి. 1986లో పుస్తకంగా వచ్చిన ఆమె ఆత్మకథ 'జిణ ఆముచ', అంటే మన బతుకు. భర్తకు తెలియకుండా రాసి ఏళ్ల తరబడి దాచిపెట్టుకున్న రాత అది. ఆషాఢ మాసంలో మహారువాడ ఆడవాళ్లకు దేవత పూనడం, కానుపైన పచ్చి బాలింతలు తిండి లేక కడుపుకు గుడ్డ కట్టుకుని పడి ఉండటం అందులో ఉన్నాయి. సోయరాకు నొప్పులొచ్చినప్పుడు విఠోబాయే నిర్మల రూపంలో వచ్చి పురుడు పోశాడని కథ. బేబీ కాంబ్లే వాడలో ఏ దేవుడూ రాలేదు. వచ్చింది అంబేడ్కర్ మాట. ఆమె దేవుళ్లను వదిలేసింది. అయితే సోయరా పురిటి దగ్గర మొదలుపెట్టిన ప్రశ్నను ఆమె కూడా పురిటి దగ్గరే అడిగింది. సంతకమే మారింది. 'చోఖా' పోయి 'మన' వచ్చింది. మన భాషలో 2003లో గోగు శ్యామల తెచ్చిన 'నల్లపొద్దు' సంకలనాన్ని ఈ వరుసలో పెట్టి చదవాలని మా కోరిక. దాని మీద విడిగా రాస్తాం.

మా అనువాదంలో 'మహారీ' అలాగే ఉంచాం. మాల అని మార్చాలా మాదిగ అని మార్చాలా అని కూడా కొంత కొట్లాడుకుని, ఆమె కులం ఆమెకే ఉండనిద్దామని వదిలేశాం. మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు. అయితే ఆయన మా ప్రతిలోనే ఒక తప్పు పట్టాడు. మైల అభంగంలో 'సోవళా' అనే మాటకు మేం మొదట 'పవిత్రుడు' అని రాశాం. సోవళా అంటే మడి. మాకు తెలిసిన మాటే, ఆ మడి గడప అవతలే నిలబడి నీళ్లు పోయించుకుని పెరిగినవాళ్లమే. అయినా కలం పట్టేసరికి 'పవిత్రుడు' వచ్చింది. ఆయన చూపించాక కొట్టేసి 'మడి' అని రాశాం.