బొమ్మలో ఏనుగు మీద ఎవరున్నారు?

పాత యుద్ధ చిత్రాలు, సైనిక కాగితాలు సేకరించేవాళ్లు కాగితం వయసెంత, మరకలున్నాయా, అంచు చిరిగిందా అని చూస్తారు. అందులో తగలబడుతున్న ఊరు ఎవరిదని అడిగేవాళ్లు తక్కువ. ఆదివాసీ పాఠకులుగా మనం మొదట అడగాల్సింది అదే.

సంతాల్ తిరుగుబాటు బొమ్మలనే తీసుకుందాం. 1855 జూన్ 30న భోగ్నాడీలో సిద్ధు, కానూల పిలుపు మీద వేలమంది సంతాలులు కూడారు. వడ్డీ వ్యాపారుల మీద, జమీందార్ల మీద, వాళ్లకు అండగా నిలిచిన కంపెనీ సర్కారు మీద తిరగబడ్డారు. మరుసటి ఏడు ఫిబ్రవరి 23న 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' వారపత్రిక ఆ పోరాటం బొమ్మలు వేసింది. పత్రికల్లో ఫొటోలు అచ్చయ్యే కాలం కాదది. ఇక్కడ గీసిన బొమ్మ లండన్ చేరాక అక్కడి పనివాళ్లు దాన్ని చెక్క దిమ్మల మీద చెక్కి అచ్చువేసేవారు. ఇన్ని చేతులు మారిన ఆ బొమ్మలో సంతాల్ చెయ్యి ఒక్కటీ లేదు.

ఒక బొమ్మలో ఖైదీలను సంకెళ్లు వేసి నడిపిస్తున్నారు. మధ్యలో ఏనుగు మీద ఇంగ్లీషు అధికారులు దర్జాగా కూర్చున్నారు. గుర్రం మీది అధికారి హుక్కా పీలుస్తున్నాడు. గొడవ అణిగింది, ఇక భయం లేదని లండన్ పాఠకుడికి చెప్పడమే దాని పని. తిరుగుబాటుకు ముందు సర్వే అధికారి వాల్టర్ షెర్విల్ గీసిన రాజమహల్ కొండల సంతాల్ పల్లె బొమ్మ మాత్రం ప్రశాంతంగా, ముచ్చటగా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. శిస్తు కట్టినన్నాళ్లు మనం అమాయకులం, ఎదురు తిరిగిన రోజు నుంచి మూకలం.

అలాగని వీటిని చింపెయ్యాలా? వద్దు. ఊళ్లు తగలబడటం చూపించే బొమ్మ కూడా అదే పత్రికలో ఉంది. గెలిచినవాడు గర్వంగా అచ్చువేసుకున్నదే మనకు సాక్ష్యం. అయితే వ్యాపారులు పాత పత్రికల్లోంచి బొమ్మ పేజీలు కత్తిరించి, రంగులద్ది, అద్దం కట్టి అమ్ముతుంటారు. తేదీ, పక్కనున్న వార్త పోయాక సాక్ష్యం కాస్తా గోడ అలంకారమవుతుంది. ఈ రకం సేకరణతోనే నాకు పేచీ.

మన మన్యం సంగతీ ఇంతే. మద్రాసు సర్కారు కాగితాలు మన పోరాటాలకు 'పితూరి' అని పేరు పెట్టాయి. తెలుగులో ఆ మాటకు చాడీ అనే అర్థమూ ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలైన పోరులో గాం గంటందొర, గాం మల్లుదొరల పేర్లు ఆ కాగితాల్లో నేరస్థుల పేర్లుగానే ఉంటాయి. వాటిని చదవాలి, ఊళ్లో పెద్దలు చెప్పే కథ పక్కన పెట్టి చదవాలి.

ఉపాధ్యాయులు ఇలాంటి బొమ్మ తరగతిలో చూపినప్పుడు నాలుగు ప్రశ్నలు వెయ్యాలి. గీసిందెవరు? డబ్బిచ్చిందెవరు? మధ్యలో ఎవరున్నారు? పేరు లేనివాళ్లెవరు?

యువకులకు ఇంకో పని ఉంది. ఇంట్లో తాతల పట్టా, సైన్యంలో పనిచేసినవాళ్ల డిశ్చార్జి కాగితం, పాత ఫొటో ఉంటే వాటికి లామినేషన్ చేయించకండి, అంటుకునే టేపు వెయ్యకండి. రెండు వైపులా ఫొటో తీసుకోండి. అది ఎవరిది, ఏ ఊరిది అన్నది పెద్దవాళ్లను అడిగి, విడిగా ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఆ అడగడం ఈ సెలవుల్లోనే జరగాలి.